నా చేతిరాతలో ఉత్తరం

1967 వానాకాలంలో నేను ఎంకన్నకు పదకొండు ఉత్తరాలు రాశాను. వాటిలో రెండే అతనికి చేరాయి. మిగతా తొమ్మిదీ ఏమయ్యాయో నాకు తెలిసేసరికి దసరా దగ్గరికొచ్చింది.

ఎంకన్న మిలిటరీలో లారీ డ్రైవరు, ఎక్కడో మంచుకొండల్లో కొలువు. వాళ్లమ్మ రాహేలు రోజూ లాలాపేట నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చి, యూనివర్సిటీ లైబ్రరీ మెట్ల పక్కన కూర్చుని పండ్లు అమ్మేది. ఎండాకాలం మామిడి, తొలకరికి నేరేడు, దసరాకు సీతాఫలం. నేను ఆ లైబ్రరీలోనే పనిచేసేదాన్ని. కొత్తగా వచ్చిన పుస్తకాల వీపుకు నెంబరు చీటీలు అంటించడం నా పని. అంతకు ముందు చలికాలం ఎంకన్న లీవు మీద వచ్చి, ఆ నెల రోజులూ అమ్మ గంప తనే మోసుకొచ్చాడు. ఆ నెలలో తిన్నన్ని జామపండ్లు నేను మళ్లీ జన్మలో తినలేదు.

“సారలమ్మా, సారలమ్మా అని పిల్వాల్నంటే సగం దినం గడుస్తది. సారా అంట,” అన్నాడొకరోజు.

“సారా అంటే దుకాన్ల సీసాలల్ల అమ్మేదా?”

“కాదు. మా బైబిల్ల ఒక పెద్దామె. గామెకు తొంబై ఏండ్లకు కొడుకు పుట్టిండు. నువ్వు మాత్రం గన్నేండ్లు ఆగకు.”

ఆ పేరు సంగతి నేను ఒక్క అక్కకే చెప్పాను. మళ్లీ సెప్టెంబరులో లీవు దొరుకుతుందనీ, అప్పుడు వచ్చి బావతో మాట్లాడతాడనీ కూడా చెప్పాను.

నాకు ఏడేళ్లప్పుడు అమ్మా నాయనా ఒకే నెలలో కలరాతో పోతే, అక్క సమ్మక్క నన్ను తన వెంట తార్నాక తీసుకొచ్చింది. అప్పటికి తనకు పెండ్లయి ఏడాదైనా కాలేదు. బావ రాజలింగం యూనివర్సిటీలో గుమాస్తా. నెమ్మదైన మనిషి. ఆయన రాత ముత్యాలు పేర్చినట్టు ఉండేది. మా క్వార్టర్లలో ఎవరింట పెండ్లయినా శుభలేఖల మీద పేర్లు బావే రాయాలి. నాకు అక్షరాలు దిద్దించిందీ ఆయనే. నా వేలు పట్టుకుని, ఏ అక్షరం పొట్ట ఎక్కడ తిరగాలో, ఏ కొమ్ము ఎక్కడ ఆగాలో చూపించాడు. ఏళ్ల తరబడి దిద్దగా దిద్దగా నా రాతా ఆయన రాతా ఒక్కటే అయిపోయాయి. ఆఫీసు కాగితాలు ఇంటికి తెచ్చుకుంటే సగం నేనే రాసిపెట్టేదాన్ని. ఏ సగం ఎవరిదో ఎవరూ కనిపెట్టలేదు.

ఉత్తరాలు రాయడం నేను ఇంట్లో దాచలేదు. సాయంత్రం వాకిట్లో పీట వేసుకుని, అట్ట ఒళ్లో పెట్టుకుని రాసేదాన్ని. పెద్ద సంగతులేమీ ఉండేవి కావు. మీ ఇంటి కప్పు తూర్పు మూల కురుస్తున్నది, మీ అమ్మ కింద సత్తు గిన్నె పెట్టింది, ఆ చప్పుడుకు నిద్ర పడుతున్నదట. ఆర్ట్స్ కాలేజీ ముందు పిల్లలు ఎలక్షన్లని ఊరేగింపు తీస్తే వాన వచ్చి జెండాల రంగంతా చొక్కాల మీద కారింది. మీ నల్లకోడి పదకొండు పిల్లలు చేసింది, గద్ద రెండిటిని ఎత్తుకుపోయింది. ఇలాంటివే. ఆదివారం ఆదివారం లాలాపేట వెళ్లి రాహేలవ్వను అడిగి మరీ ఆ ముచ్చట్లు తెచ్చుకునేదాన్ని. ఎంకన్న జవాబు రాస్తే అందులో సగం కోడి గురించే ఉండేది.

బావకు ఇష్టం లేదు. కానీ గట్టిగా వద్దనలేదు. “ఫౌజోడు. మన కులం గాదు, మన దేవుడు గాదు. సరే, రానీ, మాట్లాడుదం,” అన్నాడు. జూన్ నెల మధ్యలో, నేను మూడో ఉత్తరం మడుస్తుంటే చెయ్యి చాపాడు. “ఇటియ్యి. వానల నువ్వు చౌరస్త దాక పోవుడెందుకు? పొద్దుగాల ఆఫీసుకు పోతా పోతా నేను డబ్బాల ఏస్త.”

ఇచ్చాను. అప్పటి నుంచి అన్నీ ఆయన చేతికే ఇచ్చాను. ఆయన వాటిని చొక్కా జేబులో, తడవకుండా లోపలివైపు పెట్టుకునేవాడు.

ఆ నెల మొదట్లోనే బావ వాళ్లమ్మ ఊరి నుంచి వచ్చి వారం రోజులుంది. పోయేముందు అక్క ఎదురుగానే కొడుకుతో అన్నది: “పదేండ్లు దాటె. ఇంట్ల పసిపోరడు పారాడుతలేడు. మనూర్ల ఒక పిల్లను చూసిన. నువ్వు ఊ అను, మిగతాది నేను జూసుకుంట.” అక్క బెండకాయలు కోస్తున్నది. కోస్తూనే ఉన్నది. బావ చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఆ తర్వాత నాకు ఎంకన్న నుంచి ఉత్తరం రాలేదు.

నేను పనికి పోయాక, పదకొండు గంటలకు పోస్టుమాన్ వచ్చేవాడు. అదివరకు ఉత్తరం వచ్చినప్పుడల్లా అక్క అందుకుని దేవుని గూట్లో పసుపు డబ్బా వెనక పెట్టేది. జూలై అంతా సాయంత్రం ఇంటికి రాగానే నా చూపు ఆ పసుపు డబ్బా మీదికి పోయేది.

“పోస్టుమాన్ రాలేదా అక్కా?”

“వచ్చిండు. మనకేం లేవు,” అనేది అక్క పొయ్యి దగ్గర నుంచి తిరగకుండా. “ఆడ మంచు వడుతదంట గద. దార్ల ఆగుతున్నయేమో.”

నేను రాస్తూనే ఉన్నాను. ఎందుకు రాస్తలేవని ఒకసారి తిట్టాను, తర్వాతి దాంట్లో ఆ తిట్టినందుకు బతిమాలుకున్నాను.

ఆగస్టులో ఒక ఆదివారం లాలాపేట వెళ్తే రాహేలవ్వ నన్ను చూసి తలుపులోనే నిలబడిపోయింది. ఎప్పుడూ నేను పోగానే కోడి ముచ్చట ఎత్తుకునే మనిషి. ఆ రోజు నా మొహం వైపు చూడలేదు. గంపలోంచి మంచి పండ్లు ఏరి ఏరి నా కొంగులో పోసింది. వద్దంటున్నా పోసింది.

“ఎంకన్న ఏమన్న రాసిండా అవ్వా?”

“క్షేమమేనంట బిడ్డా,” అన్నది. “నువ్వు ఊకె గింత దూరం నడిచి రాకు. ఎండ... కాళ్లు నొస్తయి.”

ఆ రోజు ఎండ లేదు. ముసురు పట్టి ఉంది. నా మీద ఆమెకు కోపమొచ్చిందనుకున్నాను. అది కోపం కాదని తర్వాత తెలిసింది.

వినాయక చవితి దాటిన మూడో రోజో నాలుగో రోజో, పక్క క్వార్టరు లచ్చవ్వ ఇంట్లో రేడియో చుట్టూ మగవాళ్లు గుమికూడారు. చైనావాళ్లు మంచుకొండల సరిహద్దులో నాథూలా అనే చోట కాల్పులు మొదలుపెట్టారని వార్తలు. ఆ పేరు మేమెవ్వరం అంతకు ముందు వినలేదు. లచ్చవ్వ, యాభై ఏళ్ల మనిషి, మా క్వార్టర్లలో అందరికీ పెద్దదిక్కు, నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుంది. “మంచుకొండలంటే ఎన్నో ఉంటయి పిల్లా. మనోడు గాడనే ఉన్నడని ఏమున్నది?” అన్నది. నాలుగు రోజులు వార్తలు విన్నాం. అయిదో రోజు కాల్పులు ఆగాయన్నారు. ఆ సాయంత్రం నేను పదకొండో ఉత్తరం రాసి బావ చేతికిచ్చాను. ఆయన దాన్ని జేబులో పెట్టుకుంటూ, “ఏం గాదు తియ్యి,” అన్నాడు.

ఇంకో వారం పోయాక రాహేలవ్వ లైబ్రరీకి వచ్చింది. కిటికీలోంచి చూశాను. ఆమె నెత్తిన గంప లేదు. గంప లేకుండా ఆమెను చూడటం నాకు అదే మొదటిసారి. జిగురు చేతులతోనే బయటికి ఉరికాను.

టెలిగ్రాం కాగితం ఆమె రవికెలో ఉంది, చెమటకు మెత్తబడింది. “పాస్టరయ్య చదివిండు బిడ్డా. నువ్వు గూడ చదువు. గదే ఉన్నదా?”

ఇంగ్లీషులో రెండు వాక్యాలు. మొదటి వాక్యంలోనే ఎంకన్న పేరు ఉంది, అతని నెంబరు ఉంది. రెండోది నేను చదవలేదు.

“గదే ఉన్నది అవ్వా,” అన్నాను.

ఆమె మెట్ల మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. పిల్లలు పుస్తకాలు పట్టుకుని మా ఇద్దరినీ తప్పించుకుని ఎక్కుతున్నారు, దిగుతున్నారు. చాలాసేపటికి ఆమె, “శవం గూడ రాదంట. మట్టి ఆడనే చేసిండ్రంట,” అన్నది. నా చేతి జిగురు ఆ కాగితానికి అంటుకుపోయింది. విడదీస్తే చిరుగుతుందని అలాగే పట్టుకున్నాను.

పది రోజులు నేను పనికి పోలేదు. బావ నా దగ్గరికి రాలేదు. వాకిట్లో అటూ ఇటూ తిరిగేవాడు. అక్క మాత్రం నా తల నిమిరింది, అన్నం కలిపి తినిపించింది. పదకొండో రోజు నూనె రాసి తల దువ్వుతూ అన్నది:

“ఇగ ఎవరి కోసం ఎదురుచూస్తవ్ చెల్లె? పరాయి ఇంటికి పోయి ఏం సుఖపడ్తవ్? గీ ఇంట్లనే ఉండు. మీ బావ నిన్ను కండ్లల్ల వెట్టుకుని చూస్తడు. నీకు ఒక్కడు పుడ్తే నేను సాదుకుంట. కాగితాలు గీగితాలు వద్దు. రెండో పెండ్లంటే నౌకరికి మోసమైతది. ఊర్ల దేవుని ముందల దండలు మార్చుకుంటే ఐపాయె.”

“మీ ఇష్టం,” అన్నాను. బావిలో దూకమన్నా అప్పుడు అదే అనేదాన్ని.

దసరా వెళ్లాక ఊరికి పోదామని నిర్ణయించారు.

బతుకమ్మ మొదలైన మూడో రోజు లాలాపేట నుంచి రమ్మని కబురొచ్చింది. వెళ్తే, రాహేలవ్వ ఇంట్లో ఒక కొత్తమనిషి కూర్చుని ఉన్నాడు. నల్లగా, పొడుగ్గా, పెదవులు చలికి పగిలి చారలు పడి ఉన్నాయి. పేరు వెంకటేశ్వర్లు, సూర్యాపేట దగ్గరి ఊరు. ఎంకన్నతో పాటు బండి నడిపినవాడు. లీవు మీద వస్తూ ఎంకన్న డబ్బా తెచ్చి తల్లికి అప్పగించాడు.

నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆయన కళ్లు నా మెడ మీదికి, కాలి వేళ్ల మీదికి పోయి ఆగాయి.

“మీకు పెండ్లయింది గదమ్మా?” అన్నాడు.

“నాకా? లేదు.”

ఆయన రాహేలవ్వ వైపు చూశాడు. తర్వాత డబ్బా తెరిచి, ఉత్తరాల కట్ట తీసి నా చేతిలో పెట్టాడు. చలికాలం నుంచి నేను రాసినవన్నీ ఉన్నాయి. జూన్ మొదట్లో రాసిన రెండు కూడా ఉన్నాయి. ఆ తర్వాత బావ చేతికిచ్చిన తొమ్మిదీ లేవు. వాటి మీద ఇంకొకటి ఉంది. నాలుగు వరుసలు.

‘ఎంకన్నకు. నాకు పెండ్లి అయినది. ఇక నాకు రాయవద్దు. రాస్తే నా కాపురానికి చెరుపు. మా ఇంటి దిక్కు రావద్దు. ఇట్లు, సారా.’

ప్రతి అక్షరం నాదే. పొట్టలు తిరగాల్సిన చోట తిరిగాయి, కొమ్ములు ఆగాల్సిన చోట ఆగాయి. నేనే ఏ మైకంలోనో రాశానేమో అనిపించేంతగా నాదే. కానీ నేను రాయలేదు. ఈ లోకంలో అలా రాయగలిగినవాడు ఇంకొక్కడే ఉన్నాడు.

“చదివి ఏం చేసిండు?” అని అడిగాను.

“చదివిన నాడు నవ్విండమ్మా. సారాకు పెండ్లయిందంట అని అందరికి తన వంతు రమ్ము పోసిండు. నేను నమ్మిన, మనసుకు దీసుకోలేదని. సెప్టెంబర్ల మొదటి వారం లీవు తనదే. ‘నా వంతు ఇంకొకరికియ్యుండ్రి’ అని సాబుకు చెప్పి వచ్చిండు. అదేందిరా, అమ్మను చూడవా అంటే, ‘లాలాపేటకు పోవాల్నంటే తార్నాక మీదికెల్లే పోవాలె గదన్నా’ అన్నడు.” డబ్బా మూత మూశాడు. “ఆ లీవుకు వచ్చి ఉంటే, ఆ దినం గీడ ఉండేటోడు.”

రాహేలవ్వ అప్పుడు చెప్పింది. ఆగస్టులో ఎంకన్న నుంచి ఆమెకొక కార్డు వచ్చిందట. పాస్టరయ్య చదివి వినిపించాడట: ఆ పిల్లను ఏమడగకు, వాళ్ల ఇంటికి పోకు అని. “నా కొడుకే నిన్ను వద్దనుకున్నడనుకున్న బిడ్డా. నీకెట్ల చెప్పాల్నో తెల్వక పండ్లు పోసిన.”

వాళ్లిద్దరి ముందు నేను ఏడవలేదు. ఆ నాలుగు వరుసల ఉత్తరం మడిచి కొంగున ముడేసుకుని ఇంటికి వచ్చాను.

సద్దుల బతుకమ్మకు అయిదు రోజులుంది. ఆ అయిదు రోజులు బావకు అన్నం నేనే పెట్టాను. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగాను. చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోశాను. ఆయన సంతోషపడ్డాడు, పిల్ల తేరుకుందని అక్కతో అన్నాడు. లైబ్రరీలో బైండింగు జిగురుకు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. ఒకరోజు పిడికెడు పొట్లం కట్టి ఇంటికి తెచ్చాను. నీలంగా, పటికబెల్లంలా మెరుస్తున్నది. పొయ్యి ముందు దాన్ని పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. తర్వాత తీసుకుపోయి మోరీలో పోశాను. జాలి కలిగి కాదు. చచ్చినవాడికి సిగ్గు ఉండదు. నాకు ఆయన బతికి ఉండటమే కావాలి.

సద్దుల నాడు తెల్లారి క్యాంపస్‌లో బండల వెంట తిరిగి తంగేడు కోసుకొచ్చాను. అక్క గునుగు పూలకు రంగులద్దింది. ఇద్దరం కలిసి నడుమెత్తు బతుకమ్మను పేర్చాం. అంత పెద్దది ఆ ఇంట్లో ఎప్పుడూ పేర్చలేదు. బావ ఆఫీసు నుంచి రాగానే చెప్పాను. “ఇయ్యాల నువ్వు గూడ రావాలె బావా. నేను పాట ఎత్తుకుంటున్న.” తెల్లచొక్కా తొడుక్కున్నాడు.

క్వార్టర్ల మధ్య మైదానంలో పొద్దు వాలుతుండగా అరవై డెబ్బై మంది ఆడవాళ్లు చేరారు. బావ ఆఫీసు సూపరింటెండెంటు భార్య కూడా వచ్చింది. నేనే రెండుసార్లు ఆమె ఇంటికి పోయి పిలిచాను. మగవాళ్లు గోడవారగా నిలబడి చూస్తున్నారు. ప్రతి ఏడాదీ పాట ఎత్తుకునేది లచ్చవ్వ. “ఇయ్యాల నన్ను పాడనియ్యి లచ్చవ్వా,” అని ముందే అడిగి పెట్టుకున్నాను. దుఃఖంలో ఉన్న పిల్ల, పాడితే తేలికపడుతుందని ఆమె సరేనన్నది.

మొదట తంగేడు మీద పాడాను, గునుగు మీద పాడాను. నేను ఒక వరుస అంటే వాళ్లందరూ చప్పట్లు చరుస్తూ దాన్నే తిరిగి అనాలి. అదే బతుకమ్మ ఆట పద్ధతి. వలయం వేగం అందుకున్నది. అప్పుడు మొదలుపెట్టాను.

*లాలపేట పిలగాడు ఉయ్యాలో*
*కొండల్ల కొలువాయె ఉయ్యాలో*

డెబ్బై గొంతులు కొండల్లో కొలువాయె అన్నాయి. కొందరు ఎంకన్న గురించేనని తెలిసి కళ్లొత్తుకున్నారు.

*రాసినా జాబులు ఉయ్యాలో*
*రైలన్న ఎక్కలే ఉయ్యాలో*

*పిల్లకు పెండ్లాయె ఉయ్యాలో*
*మల్ల రాయకనుచు ఉయ్యాలో*

*దొంగ జాబొకటాయె ఉయ్యాలో*
*కొండెక్కి పోయింది ఉయ్యాలో*

నా పక్కనే ఆడుతున్న అక్క చప్పట్లు ఇక్కడ ఆగిపోయాయి. చేతులు గాలిలో అలాగే ఉన్నాయి. నేను పట్టించుకోలేదు. నా చూపు గోడవారన ఉన్న తెల్లచొక్కా మీద ఉంది.

*వచ్చేటి పిలగాడు ఉయ్యాలో*
*రాకనే ఆగిండె ఉయ్యాలో*

*అక్షరాలు దిద్దినా ఉయ్యాలో*
*ఆ చెయ్యె రాసింది ఉయ్యాలో*

ఆడవాళ్లు అలవాటుగా అన్నారు. అన్నాక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అయినా పాట ఆగలేదు. బతుకమ్మ పాట మధ్యలో ఆపకూడదు.

*ఎవ్వరని అడుగుండ్రి ఉయ్యాలో*
*ఎరుక జేస్తాను నేను ఉయ్యాలో*

*మా అక్క పెనిమిటి ఉయ్యాలో*
*మా బావ రాజలింగం ఉయ్యాలో*

సగం మందే తిరిగి అన్నారు. కానీ సూపరింటెండెంటు భార్య అన్నది, లచ్చవ్వ అన్నది. లచ్చవ్వ అయితే గోడ వైపు తిరిగి, చేతులు గట్టిగా చరిచి మరీ అన్నది. నేను కొంగు ముడి విప్పి ఉత్తరం ఆమె చేతిలో పెట్టాను. అది చేతులు మారుతూ వలయమంతా తిరిగింది. చదవడం వచ్చినవాళ్లు చదివారు, రానివాళ్లు రాత చూశారు. ఆ రాతతో పేర్లు రాసిన శుభలేఖలు వాళ్లందరి ఇండ్లలో ఉన్నాయి.

బావ కదల్లేదు. ఆయన పక్కన నిలబడ్డ మగవాళ్లే ఒక్కొక్కరు అటూ ఇటూ జరిగారు. చివరికి గోడ దగ్గర ఆయన ఒక్కడే మిగిలాడు. నాకు కడుపు నిండినట్టయింది. ఆ మాట అనడానికి నేను ఈనాటికీ వెనకాడను.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టలేదు. బావ అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. అక్క లోపల నేల మీద కూర్చుని ఉంది. నేను నా బట్టలు మూట కడుతుంటే అన్నది:

“ఆయన పేరు పాడినవ్. నా పేరెందుకు పాడలే?”

నేను మడుస్తున్న చీర కింద పెట్టాను.

“జాబు ఆయన రాసిండు. మాటలు నేను జెప్పిన. రాయనన్నడు. రెండు దినాలు అన్నం తినలే. నేనే కాళ్లు వట్టుకున్న. నువ్వు డబ్బాల ఏయమన్నవి ఆయన విప్పకనే తెచ్చి నాకిచ్చిండు, పొయ్యిల నేను వెట్టిన. పోస్టుమాన్ చేతికెల్లి అందుకున్నది నేనే గద.” గొంతులో ఏడుపు లేదు. బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు ఒక్కొక్కటి తీసి పెట్టింది. “అత్త ఊర్ల పిల్లను చూసింది. పరాయిది వస్తే నన్ను ఎల్లగొడ్తది. నువ్వైతే నన్ను ఉంచుకుంటవనుకున్న. నేను సాదిన పిల్లవు గద.”

అప్పుడు గుర్తొచ్చింది, ఉత్తరం కింద ‘సారా’ అని ఉండటం. ఆ పేరు బావకు తెలియదు. చదివినరోజే నాకు అర్థం కావలసింది. కోపం మనిషికి ఒకవైపే కళ్లు పెడుతుంది.

“వాడు సచ్చిపోతడనుకోలే చెల్లె,” అన్నది.

నేను మూట ముడి బిగించాను. మరునాడు పొద్దున్నే లాలాపేట వెళ్లి రాహేలు ఇంట్లో మూట దించాను. ఆమె నాకో చాప పరిచింది. ఆ రోజు నుంచి నేను ఆమెను అత్తా అన్నాను.

ఆ తర్వాత జరిగినవి వేగంగా జరిగాయి. క్వార్టర్లలో బావతో మాట్లాడేవాళ్లు లేకపోయారు. ఆఫీసులో పిలిచి, రెండో పెండ్లి మాట నిజమేనా అని అడిగారట. ఉగాది లోపలే ఆయన ఎక్కడికో దూరం బదిలీ చేయించుకున్నాడు. ఏడాది తిరక్కుండానే, నౌకరీ పోయినా సరేనని, తల్లి చూసిన పిల్లను ఊళ్లో కట్టుకున్నాడు. అక్క ఏం కాకూడదని అదంతా చేసిందో అదే అయింది. నా పాటే దాన్ని తెచ్చిందని లచ్చవ్వ ఒకసారి నాతో అన్నది. నేను కాదనలేదు.

అరవై తొమ్మిది వానాకాలంలో అక్క లాలాపేట వచ్చింది. ఉద్యమం రోజులు, బస్సులు బందు. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి నడిచి వచ్చింది. చేతిలో చిన్న మూట. చెంపలు పీక్కుపోయి, కాళ్లకు మోకాళ్ల దాకా బురద. గుమ్మం ముందు నిలబడి నా పేరు కూడా పిలవలేదు.

నేను చెంబుతో నీళ్లిచ్చాను. తాగింది. చెంబు తిరిగి తీసుకున్నాను. కూర్చోమనలేదు.

వెనక నుంచి రాహేలత్త పీట తెచ్చి వేసింది. “కూసో బిడ్డా. మస్తు దూరం నడిచొచ్చినట్టున్నవ్,” అన్నది. కొడుకును పోగొట్టుకున్న మనిషి అన్నది ఆ మాట. ఎవరి వల్ల పోగొట్టుకుందో తెలిసీ అన్నది.

నేను బిందె తీసుకుని నల్లా దగ్గరికి పోయాను. వరుసలో పది మంది ఉన్నారు. నా వంతు వచ్చింది. వెనకామెను, నువ్వు పట్టుకోమ్మా అన్నాను. ఆమె తర్వాత వచ్చినామెను కూడా ముందుకు పంపాను. అలా ఎంతమందిని పంపానో. చివరికి నల్లా సన్నబడి, బొట్టు బొట్టుగా కారి ఆగిపోయింది. ఖాళీ బిందెతో ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో పీట ఉంది, అక్క లేదు. బురద అడుగులు వాకిలి దాటి పోయాయి.

“లోపలికి పిల్వనన్న పిల్వకపోతివి,” అన్నది రాహేలత్త.

“ఊ,” అన్నాను. బిందె బోర్లించి, ఆ పీట కడిగి లోపల పెట్టాను.